పాప మీద ప్రేమ పుట్టడం లేదు, ఆ స్ప్రే వాడనా?

తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒక బాలింత రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 27. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇప్పుడు సెలవు మీద పుట్టింట్లో ఉన్నారు. పాప పుట్టి 83 రోజులైంది. నొప్పులు రావడానికి సెలైన్‌లో మందు పెట్టారు. 14 గంటలు నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని ఆపరేషన్ చేసి తీశారు. "పాపను నా మొహం పక్కన పెట్టి చూపించారు. అందరికీ ఆనందంతో ఏడుపొస్తుందంటారు. నాకు చలి వేస్తోంది, వాంతి వచ్చేలా ఉంది, ఎప్పుడు తీసుకెళ్తారా అనిపించింది" అని రాశారు.

చనుమొనలు పగిలి పాలివ్వడం నరకమైంది. మూడో వారం నుంచి డబ్బా పాలు కూడా పడుతున్నారు. ఇంట్లో అందరూ బాగా చూసుకుంటున్నారు. నలుగు పెట్టి నీళ్లు పోసి సాంబ్రాణి వేయడానికి ఒకావిడ వస్తుంది. జోకొట్టి పడుకోబెట్టేది అమ్మ, భుజాన వేసుకుని వాకిట్లో తిప్పేది నాన్న. "బాలింతవి, నువ్వు పడుకో" అంటారు. పాప ఆకలికి గుక్కపెట్టినప్పుడు మాత్రం తెచ్చి ఒళ్లో పెడతారు. పాప అమ్మమ్మను చూసి నవ్వుతోంది, తన దగ్గరికి రాగానే ఏడుస్తోంది.

ఈలోగా ఆడపడుచు ఒక వీడియో పంపింది. ఆక్సిటోసిన్ అనే 'ప్రేమ హార్మోన్' సహజ కాన్పులోనే విడుదలవుతుందట, ఆపరేషన్ అయితే తల్లీబిడ్డల బంధం పడే ఘడియ దాటిపోతుందట. అత్తగారు అది చూసి "అదీ సంగతి" అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న భర్త ఆన్‌లైన్‌లో ఆక్సిటోసిన్ ముక్కు స్ప్రే వెతికి పెట్టి, ఆర్డర్ చేయనా అని అడుగుతున్నారు. నాన్నగారేమో "గేదెకు ఆ మందే సూది వేస్తే చేపి పాలు దిగుతాయి కదా, మనిషికి పనిచేయదా" అన్నారు. ఉత్తరం చివర రెండు వాక్యాలున్నాయి. "నా మెదడులో ఆ హార్మోన్ లేదా? ఒక్కోసారి నేను లేకపోతే పాపకే మంచిదేమో అనిపిస్తోంది."

*

అమ్మా, నీది నా కూతురి వయసు, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. హార్మోన్ సంగతి వివరంగా చెబుతాను. కానీ ముందు ఆ చివరి వాక్యం.

"నేను లేకపోతే పాపకే మంచిది" అన్న ఆలోచన వచ్చిందంటే నువ్వు చెడ్డ తల్లివని కాదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌లో చాలామందికి ఇదే ఆలోచన, ఇంచుమించు ఇవే మాటల్లో వస్తుంది. మొదటి వారం పది రోజుల్లో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడడం మామూలే, అవి వాటంతటవే పోతాయి. నీకు 83 రోజులైంది. పాప పడుకున్నా నీకు నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని కూడా ఉత్తరం మధ్యలో ఎక్కడో ఒక ముక్క రాశావు. ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకో. నీకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికైనా వెళ్లొచ్చు, తెనాలిలోనో గుంటూరులోనో మానసిక వైద్యుల దగ్గరికైనా వెళ్లొచ్చు. గడప దాటడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన గట్టిగా వచ్చిన పూట మాత్రం ఒంటరిగా ఉండకు. అమ్మను లేపి "నా పక్కన కూర్చో" అని చెప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమను. మిగతా విషయాల్లో దారులు చెప్పి ఎంపిక నీకే వదిలేస్తాను. ఈ ఒక్కటి మాత్రం పట్టుబట్టి అడుగుతున్నాను.

డాక్టరు పది ప్రశ్నల కాగితం ఒకటి ఇవ్వొచ్చు. ఎడింబరో స్కేల్ అంటారు, 1987 నుంచి వాడుకలో ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉన్నావో అడుగుతుంది. అత్తగారికి తెలుస్తుందేమోనని తగ్గించి రాయకు. మందు అవసరమైతే, పాలిచ్చే తల్లులకు ఇవ్వదగినవి ఉన్నాయి. పాలిస్తున్నానని ముందే చెబితే డాక్టరు చూసి రాస్తారు.

ఇక నీ ప్రశ్న. నీ మెదడులో ఆ హార్మోన్ లేదా?

ఉంది. ఆ వీడియో చెప్పింది నీ విషయంలో మొదటి మెట్టులోనే తప్పు. కాన్పు నొప్పులు నడిచేటప్పుడు బిడ్డ తల గర్భాశయ ముఖద్వారాన్ని వత్తుతుంటే, ఆ ఒత్తిడి కబురు నరాల ద్వారా మెదడుకు వెళ్లి ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. నువ్వు పడిన నొప్పులు 14 గంటలు. పైగా నీకు నొప్పులు రావడానికి సెలైన్‌లో పెట్టిన మందు చాలావరకు ఇదే ఆక్సిటోసిన్ అయి ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక రక్తస్రావం ఆగడానికి ఇచ్చేదీ మామూలుగా ఇదే. హెన్రీ డేల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1906లో దీని జాడ పట్టింది కూడా గర్భాశయంతోనే. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారం ఇస్తే పిల్లి గర్భాశయం ముడుచుకోవడం ఆయన చూశాడు. ఆక్సిటోసిన్ అన్న పేరుకు గ్రీకులో 'త్వరిత ప్రసవం' అని అర్థం. ప్రేమ అన్న మాట చాలా ఏళ్ల తర్వాత తగిలించారు.

అలాగని సీసాలోంచి ఎక్కించిన మందు నీలో ప్రేమ పుట్టించి ఉండాల్సిందనీ అనుకోకు. సూదితో రక్తంలోకి వెళ్లిన ఆక్సిటోసిన్ మెదడులోకి చేరడం బహు కొద్ది, రక్తంలో నిలిచేది కూడా కొద్ది నిమిషాలే. మెదడు తనకు కావలసింది తనే తయారు చేసుకుంటుంది. హైపోథాలమస్ అని మెదడు అడుగున బాదంగింజంత భాగం ఉంటుంది. అక్కడి నుంచి ఇది రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి పిట్యూటరీ ద్వారా రక్తంలోకి, అక్కడి నుంచి గర్భాశయానికి, రొమ్ములకు. రెండోది మెదడు లోపలే, భయాన్ని పసిగట్టే చోటికి, ఇష్టాన్ని నమోదు చేసుకునే చోటికి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క చూడు. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే గొడవ. కానీ కోతతో బంధం తెగిపోయేదే అయితే, తెలంగాణలో పది మంది తల్లుల్లో ఆరుగురు తమ పిల్లలకు పరాయివాళ్లై ఉండాలి. మీ వీధిలోనే చూడు, ఆపరేషన్‌తో కన్న తల్లులు ఎంతమంది లేరు?

మొదటిసారి చూసినప్పుడు ఏమీ అనిపించకపోవడం గురించి కూడా ఒక మాట. 1980లో లండన్‌లో కే రాబ్సన్, చన్నీ కుమార్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లులను ఇదే అడిగారు. బిడ్డను మొదట ఎత్తుకున్నప్పుడు ఏమనిపించిందని. తొలి కాన్పు తల్లుల్లో సుమారు 40 శాతం మంది "ఏమీ అనిపించలేదు" అన్నారు. నొప్పులు భరించలేనంతగా ఉన్నవాళ్లలో, మత్తు ఎక్కువ పడ్డవాళ్లలో అది ఎక్కువ కనిపించింది. చాలామందికి వారం తిరిగేసరికి ప్రేమ కుదురుకుంది. నీకు ఇంకా కుదురుకోలేదు కాబట్టే డాక్టరు దగ్గరికి వెళ్లమని అంత గట్టిగా చెప్పాను.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన్ను తప్పు పట్టను, ఆయన రోజూ కళ్లారా చూసే సంగతే చెప్పారు. నేనూ చూశాను. మా అమ్మమ్మ గేదె పాలు పితికేటప్పుడు ముందు దూడను వదిలేది. అది పొదుగును రెండుసార్లు మూతితో కుమ్మి నాలుగు గుక్కలు లాగేది. అమ్మమ్మ పొదుగు మీద నీళ్లు చిలకరించి, అరచేత్తో నిమురుతూ ఏదో గొణుగుతూ కూర్చునేది. కాసేపటికి రొమ్ములు బిగిసి నిగనిగలాడేవి. "చేపింది" అని చెంబు పెట్టేది. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి పక్కన నిలబడితే అంతే, పాలు ఎగచేపేది. పొదుగు నిండా పాలుండేవి, చుక్క దిగేది కాదు.

ఆ చేపు ఆక్సిటోసిన్ పనే. పాలు తయారు చేసేది ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్. తయారైన పాలను పిండి బయటికి నెట్టేది ఆక్సిటోసిన్. ఆడమనిషికైనా గేదెకైనా ఇదే పద్ధతి. నొప్పి, భయం, పక్కన ఎవరో తప్పులు ఎంచుతున్నారన్న బెదురు ఉంటే అది ఆగుతుంది. ఇప్పుడు నీ రోజు చూసుకో. పగిలిన చనుమొన, పాప నోరు పెట్టకముందే నువ్వు బిగుసుకుపోతావు. బిగుసుకుంటే చేపు రాదు, చేపు రాకపోతే పాప గుక్కపెడుతుంది. అత్తగారి మాట చెవిలో మోగుతుంటుంది. ఇది హార్మోన్ లేకపోవడం కాదు, ఎగచేపడం.

సూది వేస్తే గేదె పాలు దిగుతాయి, నిజమే. కానీ దూడ మీద మమకారం సూది వల్ల రావడం ఎవరైనా చూశారా అని నాన్నగారినే అడుగు. పశువులకు అలా సూదులు వేయడం చట్టం ఒప్పుకోదు కూడా, ఆ సంగతీ ఆయనకు చెప్పు.

మీ ఆయన చూసిన స్ప్రే గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన నీ మీద ప్రేమతోనే వెతికారు. ఈ స్ప్రేకు పేరు తెచ్చింది 2005లో జ్యూరిక్‌లో జరిగిన ప్రయోగం. ఆక్సిటోసిన్ పీల్చిన కుర్రాళ్లు డబ్బు ఆటలో ముక్కూమొహం తెలియనివాళ్లను ఎక్కువ నమ్మారని ప్రచురించారు. ప్రపంచమంతా వార్త అయింది, నీ ఆడపడుచు పంపినలాంటి వీడియోల మూలాల్లో అదొకటి. 2020లో ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే ఆ తేడా కనబడలేదు. ఆటిజం ఉన్న పిల్లలకు మేలు చేస్తుందేమోనని అమెరికాలో 290 మంది మీద 24 వారాలు వాడి చూశారు. ఉత్తుత్తి స్ప్రే వాడినవాళ్లకూ వీళ్లకూ తేడా లేదని 2021లో తేల్చారు. ఎంతమంది అమ్మానాన్నలు ఆశ పెట్టుకున్నారో దాని మీద.

నీకు దగ్గరగా ఉన్నది ఇంకోటి, 2013లో అచ్చయింది. కాన్పు తర్వాత డిప్రెషన్‌లో ఉన్న తల్లులకు ఈ స్ప్రే ఇచ్చారు. చిన్న ప్రయోగమే, పాతిక మంది. బిడ్డతో తమ అనుబంధం గురించి కొంచెం మంచిగా మాట్లాడారు, కానీ మనసు ఇంకా దిగులుపడింది, బిడ్డ సతాయిస్తోందని ఎక్కువ చెప్పారు. ఎందుకలా? ఈ హార్మోన్ ఉత్త ప్రేమను పోసేది కాదు. చుట్టూ ఉన్న మనుషుల సంకేతాలను మెదడుకు పెద్దవి చేసి చూపిస్తుందని చాలామంది పరిశోధకులు ఇప్పుడు అనుకుంటున్నారు. బంధాల విషయంలో బెదురు లేని మగవాళ్లకు స్ప్రే ఇస్తే తల్లిని ఇంకా ప్రేమగా గుర్తు చేసుకున్నారు, బంధాల విషయంలో భయస్తులకు ఇస్తే తల్లిని ఇంకాస్త తక్కువ చేసి గుర్తు చేసుకున్నారు. ఇంకొన్ని ప్రయోగాల్లో మనవాళ్లు, పరాయివాళ్లు అన్న గీత ముదిరింది. ఈనిన గేదె దూడను నాకుతుంది, అదే గేదె దగ్గరికి వచ్చిన కుక్కను కుమ్ముతుంది. రెండూ ఒకే రోజు.

కాబట్టి ఆర్డర్ పెడితే ఏమవుతుంది? నయమైతే ఏమీ జరగక డబ్బు పోతుంది, నువ్వు "నాకు ఇది కూడా పనిచేయలేదు" అని ఇంకాస్త కుంగిపోతావు. లేదంటే దిగులు పెరగొచ్చు. సీసాలో నిజంగా ఏముందో ఎవరికీ తెలియదు, ఆ మందు వేడికి పాడవుతుంది, కొరియర్ సంచిలో మూడు రోజులు ఎండలో తిరిగి వస్తుంది. ఆక్సిటోసిన్ డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మందు. నేను వద్దనే అంటాను.

మరి బంధం ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికా గడ్డిమైదానాల్లో ప్రెయిరీ వోల్ అనే ఎలుకజాతి జీవి ఉంది, జంట కడితే సాధారణంగా విడిపోదు. దాని జంటకు ఆక్సిటోసినే కారణమని ముప్పై ఏళ్లు చెప్పుకున్నారు. 2023లో ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకమే లేకుండా జన్యువు మార్చి పెంచి చూశారు. అవి మామూలుగానే జంట కట్టాయి, పిల్లలను కని సాకాయి. పిల్లల బరువు మాత్రం తగ్గింది, పాలు సరిగా అందలేదు. నాకు ఆ ఫలితం చదివినప్పుడు నీలాంటి తల్లులే గుర్తొచ్చారు. పాలు తగ్గాయి, సాకడం ఆగలేదు.

ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం 80 జంటలను బిడ్డ పుట్టిన మొదటి ఆరు నెలలు గమనించి 2010లో ప్రచురించింది. తల్లులతో పాటు తండ్రుల్లో కూడా ఆక్సిటోసిన్ పెరిగింది. బిడ్డను నిమిరి ముద్దు చేసే తల్లుల్లో ఎక్కువ, ఎగరేసి ఆడించే తండ్రుల్లో ఎక్కువ. తండ్రి మోయలేదు, కనలేదు, పాలివ్వలేదు. చేతులతో పెంచాడు, అంతే.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చోటు ఇదే. నీ చేతులకు పాప అందడమే లేదమ్మా. పాప నవ్వే వేళ అమ్మ చేతుల్లో, నిద్రలోకి జారే వేళ ఉయ్యాలలో, వాకిట్లో కాకిని చూసే వేళ నాన్న భుజాన. నీ దగ్గరికి వచ్చేది ఏడుపుతోనే. నీకు పాప అంటే ఏడుపు, నొప్పి. పాపకు నువ్వంటే ఆకలి, కంగారు. వాళ్లు నీకు విశ్రాంతి ఇద్దామనే చేస్తున్నారు, అందులో దోషం లేదు. కానీ మంచి వేళలన్నీ వాళ్లకు పోయి, కష్టం నీకు మిగిలింది.

ఇక్కడ నీకు దారులు కనబడుతున్నాయి. పుట్టింట్లోనే ఉండి, ఒక్క పని నీ చేతుల్లోకి తీసుకోవచ్చు. నేనైతే పాపకు స్నానం చేయించే పని తీసుకునేదాన్ని. మొదట ఆ నీళ్లు పోసే ఆవిడను పక్కన కూర్చోమను. ఎత్తు పీట వేసుకుని గోడకు ఆనుకుని కాళ్లు చాపుకో, కుట్ల మీద బరువు పడకూడదు. పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుంటే, ఆ బుజ్జి పొట్ట నీ కాళ్లకు వెచ్చగా తగులుతుంది. వీపు మీద గోరువెచ్చటి నీళ్లు పోస్తూ నిమురు. తుడిచాక ఒంటికి పొడి తువ్వాలు చుట్టి, నీ జాకెట్టు హుక్కులు తీసి గుండెకు ఆనించుకో. పాలివ్వాలని కాదు, ఊరికే. కొలంబియాలో బొగోటా ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక 1970ల చివర్లో బరువు తక్కువ పిల్లలను తల్లుల గుండెకు కట్టడం మొదలుపెట్టారు, కంగారూ పద్ధతి అంటారు. ఆ పిల్లలు నిలదొక్కుకున్నారు. స్నానం అయ్యాక పాప మత్తుగా ఉంటుంది, ఏడవదు. ఆ పావుగంట నీది. ఇందులో చిక్కు, అమ్మ నొచ్చుకోవచ్చు, "నా చేతుల్లో ఏం తక్కువైంది" అనొచ్చు. "డాక్టరు చెప్పారు" అని నా మాటను డాక్టరు మీద పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

లేదా ఇప్పుడే హైదరాబాద్ వెళ్లిపోవచ్చు. పాప నీది, మీ ఆయనది అవుతుంది, మాటలు తగ్గుతాయి. కానీ ఆయన ఆఫీసుకు వెళ్తే రోజంతా ఒక్కదానివే, దిగులు కమ్మిన మనిషికి అది మంచిది కాదు. డాక్టరు చూసి, నిద్ర కాస్త కుదురుకున్నాక, అమ్మ తోడు వచ్చేట్టయితే సరే. ఇప్పుడు మాత్రం తొందర అనిపిస్తోంది.

పాలు ఇవ్వడం, మానడం కూడా నీ ఇష్టమే. ఇవ్వాలనుంటే పాప నోరు పెట్టే తీరు ఒక్కసారి నర్సుకు చూపించు, చాలా పగుళ్లకు కారణం అక్కడే ఉంటుంది. నోటి నిండా నల్లభాగం వెళ్లాలి, మొన ఒక్కటే కాదు. పాలిచ్చేటప్పుడు తలుపు వేసుకో, కొత్తవాళ్లు పక్కన నిలబడితే మా అమ్మమ్మ గేదె ఎగచేపేదని చెప్పాను కదా. మానేస్తే పాలలోని రక్షణ పాపకు తగ్గుతుంది, డబ్బా ఖర్చు, సీసాల శుభ్రం పెరుగుతాయి. బంధం మాత్రం తెగదు. సీసా అయినా నువ్వే పట్టు, పాప కళ్లలోకి చూస్తూ పట్టు. సీసా పట్టే పని కూడా అమ్మకు ఇచ్చేయకు.

అత్తగారి మాటకు నువ్వు జవాబు చెప్పక్కర్లేదు. అది మీ ఆయన చెప్పాల్సింది. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించు. స్ప్రే ఆర్డర్ ఇంకా పెట్టకపోతే, ఆ డబ్బుతో ఈసారి శుక్రవారం దాకా ఆగకుండా బుధవారం రాత్రే బస్సెక్కమను. గురువారం నీతో డాక్టరు దగ్గరికి రావాలి, శుక్రవారం పొద్దున స్నానానికి నీళ్లు తోడి పెట్టాలి.